అక్క మొక్కు, నా కాళ్ళు

కొండ దిగి వచ్చి నెల అయింది. అరికాళ్ళ మీద కొత్త చర్మం ఇప్పుడిప్పుడే గట్టిపడుతోంది. మా తాలూకా ఆఫీసు మిత్రులు మాత్రం "ఏమండీ ఒట్టికాళ్ళ స్వామిగారూ, యాత్రా విశేషాలు సెలవియ్యరా?" అని రోజూ వేళాకోళం చేస్తున్నారు. దానికి నేను తగినవాణ్ణే. ప్రకృతి వైద్యం పుస్తకాలు నాలుగు చదివి, పదేళ్ళుగా బందరులో కనిపించిన ప్రతివాడి చేతా చెప్పులు విప్పించాలని చూసినవాణ్ణి. తెల్లవారుతూనే తడి ఇసకలో మైలు దూరం ఒట్టికాళ్ళతో నడిచేవాణ్ణి. జలుబు చేసినవాడికీ, నిద్ర పట్టనివాడికీ, ఒకసారి ప్రమోషను రానివాడికీ కూడా నేను చెప్పిన మందు ఇదొక్కటే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, అలా సాగిపోయింది. పోయిన ఫాల్గుణంలో మా అక్కతో చిత్తూరు నుంచి తిరుమల దాకా వెళ్ళాను. నా బోధ ఆ దారిలో ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చిత్తూరు

మా రుక్మిణక్కను చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళకిచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. మొదటి ఏడాది పుట్టింటికి వచ్చినప్పుడు "ఈడ", "ఆడ" అంటే మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం. ఇప్పుడు నేను "ఇక్కడ" అంటే వాళ్ళింట్లో పిల్లలు నవ్వుతున్నారు. ఆ ఇంట్లో గడప దగ్గర నుంచి దేవుడి గది దాకా బెల్లం వాసనే. బావగారి చొక్కాకు కూడా అదే వాసన. ఆ తీపి మధ్యలో ఉంటూ అక్కకు చక్కెర జబ్బు వచ్చింది. బెల్లం తిన్నందుకు కాదట, వంశంలో ఉందట. అయినా ఊళ్ళో వాళ్ళు బెల్లం మీదికే నెట్టేశారు.

రెండేళ్ళ కిందట అక్క అరికాల్లో చిన్న మేకు దిగింది. దిగినట్టు ఆమెకు తెలియదు. రెండు రోజులు దానిమీదే తిరిగింది. పుండు పడి, చీము పట్టి, వేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే పాదం తీసెయ్యాల్సి వస్తుందేమో అన్నారట. ఆ పూట మంచం మీదే అక్క మొక్కుకుంది. కాలు నిలబడితే, ఆ కాలితోనే, చెప్పుల్లేకుండా మెట్లదారిన కొండెక్కుతానని. చిటికెన వేలితో పోయింది. పాదం నిలిచింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాట ఒకటే: ఇకమీదట ఒట్టి కాలు నేల మీద ఆనించకూడదు, ఇంట్లో కూడా. దేవుడికి ఇచ్చిన మాట ఒకటి, డాక్టరు చెప్పిన మాట దానికి సరిగ్గా ఎదురు.

బావగారికి చెరకు గానుగల రోజుల్లో మండీ వదిలి కదలడానికి లేదు. అందుకని నాకు ఉత్తరం రాశారు. "మీయక్క మా మాట ఇనదు బామ్మర్దీ. నువ్వన్నా సెప్పి సూడు" అని స్టేషనుకు ఎదురొచ్చినప్పుడు కూడా అన్నారు. ఎవరికి అప్పజెప్పారో పాపం ఆయనకు తెలియదు.

ఆసుపత్రి వాళ్ళు కుట్టించిన చెప్పులు బీరువా వెనక ఉన్నాయి. నల్లగా, మందంగా, రెండువేళ్ళ ఎత్తు మెత్తటి రబ్బరు అడుగు, మడమ వెనక బెల్టు. వేలితో నొక్కితే లోపలికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. "ఇవి వేసుకోవడం లేదా?" అని అడిగాను.

అక్క తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఇట్లాంటియే పెద్దరోగమొచ్చినోళ్ళకీ ఇస్తారురా చిన్నోడా. ఈ పక్క అందురికీ తెలుసు. ఇయి ఏసుకోని బజారుకి పోతే నన్నేమనుకుంటారు?"

కుష్టు అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ చెప్పులు బీరువా వెనకే ఎందుకున్నాయో నాకు అర్థమైంది.

మర్నాడు కాణిపాకం బస్సెక్కాం. బావగారి బలవంతం మీద అక్క ఆ చెప్పులే వేసుకుంది. చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంటూ కూర్చుంది. పక్క సీటులో ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలుచుకుంటూ ఒకామె, ఒళ్ళో పిల్ల. మాటలు బాగానే కలిశాయి, మాకూ ఒక గుప్పెడు పెట్టింది. బస్సు గుంతలో పడి కుచ్చిళ్ళు చెదిరాయి. ఆమె చూపు కిందికి పోయింది. పిల్లను చంకనేసుకుని లేచి, ముందుకు పోయి, కాణిపాకం వచ్చేదాకా నిలబడే ప్రయాణం చేసింది. చెనక్కాయల పొట్లం మాత్రం మా సీటు మీదే వదిలేసింది.

అక్క మొహం చూడలేకపోయాను. కోపం వచ్చింది. ఆ కోపంలో నా పాత బోధ బయటికొచ్చింది. "తీసి సంచిలో పడెయ్యి. కాలికి మట్టి తగలక తిమ్మిరెక్కిందే తప్ప నీకేం కాలేదు. నేల తగిలితే నరాలకి ప్రాణం వస్తుంది. నన్ను చూడు." అక్క వెంటనే విప్పేసింది. విప్పగానే మొహం ఎంత తేలికపడిందో! ఆ తేలిక చూసి నేనూ పొంగిపోయాను.

కాణిపాకం

వరసిద్ధి వినాయకుడు ఇక్కడ బావిలో వెలిశాడు. ఈ దేవుడి ముందు అబద్ధమాడితే మిగలరని ఈ సీమలో గట్టి నమ్మకం. అప్పు ఎగ్గొట్టినవాణ్ణీ, గట్టు జరిపినవాణ్ణీ ఇక్కడికి తీసుకొచ్చి తలస్నానం చేయించి ప్రమాణం చేయిస్తారు. చాలామంది స్నానం దగ్గరే నిజం ఒప్పేసుకుంటారట. మా కృష్ణా జిల్లాలో ఇలాంటి దేవుడుంటే కోర్టు ప్లీడర్లు వీధిన పడతారు.

మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఫాల్గుణమే అయినా ఎండ నిప్పులు చెరుగుతోంది. ప్రదక్షిణం చేసే చోట నల్లరాతి బండలు. మొదటి పది అడుగుల్లోనే నా సంగతి తెలిసిపోయింది. బందరు తడి ఇసక వేరు, చిత్తూరు బండ వేరు. కాలుగాలిన పిల్లి అనే మాట చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను, ఆ పూట నేనే ఆ పిల్లిని. గెంతుకుంటూ పోయి మండపం నీడలో పడ్డాను. నావంటి పిల్లులు అక్కడ ఇంకో పది ఉన్నాయి.

అక్క మాత్రం ఎండలోనే నడుస్తోంది. చేతులు జోడించుకుని, నెమ్మదిగా, పెళ్ళిలో అరుంధతిని చూడ్డానికి వెళ్తున్నంత తీరుబడిగా మూడు ప్రదక్షిణలు చేసింది. నీడలో నిలబడ్డ ఒక పెద్దాయన "ఏం భక్తి! ఆయమ్మ కాళ్ళకి ఎండ తగలడంలేదు సూడు" అని పక్కవాళ్ళకు చూపించాడు. ఒక ముసలామె వచ్చి అక్క కాళ్ళకు దణ్ణం పెట్టింది. నేను గర్వంగా "మా అక్కండీ" అన్నాను.

నీడలోకి వచ్చాక అడిగాను. "అక్కా, కాళ్ళు కాలలేదూ?"

"లేదురా" అంది నవ్వుతూ. కాణిపాకంలో ఎవరూ అబద్ధమాడరు కదా. నిజమే చెప్పింది.

ఐరాల

రాత్రి బసకు ఐరాల దగ్గర మునిరత్నం గారింటికి వెళ్ళాం. ఆయన చెరకు రైతు, బావగారి మండీకి బెల్లం వేస్తారు. ఇంటి వెనకే గానుగ. పొయ్యి మీద వెడల్పాటి పెనంలో పాకం పొంగుతుంటే, చెక్క గరిటెతో తిప్పే మనిషికి ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు, కాళ్ళకి సరేసరి. మునిరత్నం గారి పాదాలు కూడా చూడదగ్గవి. వెడల్పుగా, వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని, మడమల్లో రూపాయి బిళ్ళ దూరే పగుళ్ళు. పుట్టిన యాభై ఏళ్ళలో పెళ్ళినాడు తప్ప చెప్పులు వేసుకోలేదట, ఆ రోజు కూడా కరిచాయట. నా సిద్ధాంతానికి ఇంతకంటే సాక్షి ఎవరు? భోజనాల దాకా ఆయన్ని పొగుడుతూనే ఉన్నాను.

రాగి సంగటి ముద్ద, చెనక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి, పులగూర అనే పుల్లటి ఆకుకూర పెట్టారు. మాకు అన్నం మెతుకు లేని భోజనం భోజనం కాదు. సంగటిని నమలబోతే పిల్లలు గొల్లుమన్నారు, అది మింగాలట. ఇంటావిడ రాజమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, అరుగు మీద కూర్చున్న అక్క కాళ్ళ మీద పోయబోయి ఆగిపోయింది.

"అయ్యో, ఇదేందమ్మా!" అంది.

దీపం తెచ్చి చూశాం. రెండు అరికాళ్ళ నిండా బొబ్బలు. మడమ కింద నిమ్మకాయంత ఒకటి. ఎడమ కాలు మీద ఒకటి చితికి, పచ్చి మాంసం కనబడుతోంది. అక్క వంగి చూసుకుంది. వేరే ఎవరి కాలో చూసినట్టు చూసింది. "నాకు తెలీనేలేదే" అంది.

మునిరత్నం గారు మనిషిని పంపి కాంపౌండరును పిలిపించారు. రాజమ్మ పసుపూ సున్నమూ కలిపి తెస్తే మునిరత్నం గారే వద్దన్నారు. కట్టు కడుతున్నంతసేపూ అక్క కాంపౌండరు పిల్లల చదువుల గురించి అడుగుతూనే ఉంది. పచ్చి పుండు మీద మందు పడుతుంటే మనిషి అలా మాట్లాడటం చూడలేక లేచి బయటికి వచ్చాను.

నేను గానుగ పక్కకు పోయి కూర్చున్నాను. మునిరత్నం గారు వచ్చి పక్కన చేరారు. ఆయనకు చెప్పేశాను, చెప్పులు విప్పించింది నేనేనని, గుడి బయట కూడా వేసుకోనివ్వలేదని.

ఆయన తిట్టలేదు. తన పాదం ఎత్తి నాకు చూపించారు. "ఈ కాలు గెట్టిదని నువ్వు పొగడ్తాండావే, ఇది గెట్టిదయ్యి బతకలేదప్పా. సెరకు మోడు గుచ్చుకుంటే పానం జిల్లుమంటాది. ఆడనే నిలబడిపోతాను. కూసోని తీసుకుంటాను. ఆ జిల్లే నన్ను కాస్తాది. మీయక్కకి ఆ జిల్లు లేదు. ఇంగ ఆయమ్మని యాది కాయాల? ఆ సెప్పే."

నేను చదివిన నాలుగు పుస్తకాల్లో ఈ ముక్క లేదు. ఉన్నా నేను దాటేసి ఉంటాను.

లోపల అక్క రాజమ్మతో తన మొక్కు చెబుతోంది. కట్టు కట్టించుకుని కూడా కొండ ఎక్కుతాననే అంటోంది. రాజమ్మ గొంతు వినిపించింది. "ఆడబిడ్డ మొక్కు పుట్టింటోళ్ళు తీరిస్తే సెల్లదా అక్కా? మీ తమ్ముడుండాడు గదా, కాళ్ళు రెండూ బాగుండాయి."

"నా కాలికి మొక్కుకోని వాడి కాలితో తీర్చేదేంది?" అంది అక్క.

తిరుపతి

తిరుపతిలో ముందు డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఆవిడ కట్టు విప్పి చూసి, నా వైపు తిరిగి, మెట్లదారి మాట మరిచిపొమ్మంది. వెళ్ళాలంటే బస్సులో, ఆ చెప్పులతోనే. చీము పడితే ఈసారి వేలితో పోదని ఉన్నదున్నట్టు చెప్పింది. అక్క తల ఊపింది. బయటికి వచ్చాక "దేవుడికంటే ఆయమ్మ పెద్దదా?" అంది.

నాకు ఏడుపు వచ్చినంత పనయింది. హోటల్లో కాఫీ చెప్పాను, అరవై పైసలు, చిక్కగా బాగుంది కానీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కకు నెట్టాను. మా ఇద్దరిలో నేను చిన్నవాణ్ణి. నాకు టైఫాయిడ్ వస్తే ఇరవై ఒక్క రోజులు పక్కన కూర్చున్నది ఈ అక్కే. ఆ కాలు పోతే అది నా చేతి మీదుగా పోయినట్టే. ఆ మాటే చెప్పాను. అక్క నా గ్లాసు మళ్ళీ నా ముందుకు జరిపింది.

కట్టు లావుగా ఉండి చెప్పు బెల్టు పట్టడం లేదు. రైల్వే స్టేషను దగ్గర చెట్టు నీడలో కూర్చున్న ముసలి చెప్పులాయన దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పు చేతికివ్వక ముందే అక్క గబగబా "నాకు పెద్దరోగం కాదప్పా, సక్కెర జబ్బు" అంది.

ఆయన తల ఎత్తనే లేదు. రబ్బరు నొక్కి చూశాడు. "ఏ రోగమైతే నాకేమి తల్లీ. కాలు కాలే గదా" అని బెల్టు విప్పదీసి, ముక్క అతకడం మొదలుపెట్టాడు. "మంచి రబ్బరు. దీన్నేసుకోని యాడికి పోతాండావు?"

అక్క మొక్కు సంగతంతా చెప్పింది. చెప్పులతో కొండెక్కితే మొక్కు చెడుతుందని, ఒట్టికాళ్ళతో ఎక్కితే కాలు చెడుతుందని. ముసలాయన సూది ఆపి, ఇంత తెలియని మనిషి ఉంటుందా అన్నట్టు అక్కను చూశాడు.

"ఏమమ్మా, ఈ ఊరి పక్కనే ఉండి ఇది తెలీదా? సామి దినామూ రాత్రి కొండ దిగి మంగాపురంలో అమ్మోరి కాడికి పోతాడు. నడిచి నడిచి సెప్పులు అరిగిపోతాయి. అరిగినప్పుడంతా కొత్తయి కుట్టి ఇచ్చేది మావోళ్ళే. మా తాత కుట్టినాడు, మా నాయన కుట్టినాడు. అలిపిరిలో సూడు పో, ఆ సెప్పులు నెత్తిన పెట్టుకోని జనం తిరగతా ఉంటారు. ఆయన కొండకి ఆయనే సెప్పుల్లేకుండా నడవడే, నిన్నెందుకు నడవమంటాడు?"

బెల్టు అతికాక ఆయన తనే వంగి, కట్టు నలగకుండా చెప్పు తొడిగి, బకిల్ పెట్టాడు. అక్క లేచి రెండడుగులు వేసింది. కుచ్చిళ్ళు కిందికి లాక్కోలేదు.

"నేను బస్సులో పోతాలే. మెట్లు నువ్వెక్కు. పుట్టింటి కాళ్ళు సెల్లతాయో లేదో ఆయన్నే అడగతాను" అంది.

అలిపిరి

తెల్లవారుతూ మెట్ల మొదట్లో నిలబడ్డాను. ముసలాయన చెప్పింది నిజమే. పాదాల మండపం దగ్గర స్వామి పాదరక్షలు తలమీద పెట్టుకుని మగా ఆడా ప్రదక్షిణం చేస్తున్నారు. నేనూ పెట్టించుకున్నాను. తలమీద చెప్పులు, కాళ్ళకి మాత్రం ఏమీ లేవు.

మొదటి వెయ్యి మెట్లు గొప్పగానే ఎక్కాను. ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా రాస్తూ వంగి లేస్తున్న ఆడవాళ్ళను దాటుకుంటూ పోయాను. గాలిగోపురం చేరేసరికి బొటనవేలి కింద చర్మం చిట్లింది. ఆ పైన సమంగా ఉండే దారిలో కంకర. అరక్కోణం నుంచి వచ్చిన ఒక ముసలామె నా కుంటి నడక చూసి "పైయ్య పో సామీ, మెల్లింగా. దేవుడు యాడికీ పోడు" అని చేతిలో మరమరాలు పోసింది. ఆమె కాళ్ళకూ ఏమీ లేవు. కానీ ఆమె ప్రతి అడుగూ చూసి, ఆనించి, అప్పుడు బరువు వేస్తోంది. నేనూ అలాగే నడవడం నేర్చుకున్నాను. మోకాళ్ళ మిట్ట దగ్గర మాత్రం ఏ విద్యా పనికిరాలేదు, చేతులూ మోకాళ్ళూ వాడి ఎక్కాను.

దారి పొడవునా ఒకటే అనుకున్నాను. ఈ నొప్పిలో పదో వంతు అక్కకు మొన్న కాణిపాకంలో ఉండి ఉంటే ఆమె కూడా నా పక్కకు గెంతి వచ్చేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

కొండపైన

మెట్లదారి ముగిసే చోట అక్క రాతి అరుగు మీద కూర్చుని ఉంది. నల్ల చెప్పులు అందరికీ కనబడుతున్నాయి. పక్కన ఒకావిడ ఆ చెప్పుల వైపు చూసి జరగబోయింది. అక్క ఆమెతో "సక్కెర జబ్బుమ్మా. అంటుకునేది కాదు, కూసో" అంది, కొంచెం గట్టిగానే. ఆమె సిగ్గుపడి కూర్చుంది.

నన్ను చూడగానే అక్క నా కాలు పట్టి ఒళ్ళోకి లాక్కుంది. పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకోకూడదని వెనక్కి లాక్కోబోయాను. "కదలొద్దురా" అని కసిరి, గోటితో వెతికి, మడమలో దిగిన కంకర ముక్కను పీకింది.

"అబ్బా!" అని అరిచాను.

అక్క చెయ్యి అక్కడే ఆగింది. "ఇంకోసారి అను" అంది. నాకు అర్థం కాలేదు. "ఆ మాట నా నోట వచ్చి మూడేండ్లయిందిరా చిన్నోడా. మేకు దిగినప్పుడూ రాలేదు, మొన్నా రాలేదు. వస్తే బాగుండునని ఎన్ని తూర్లు అనుకున్యానో."

అంతమందిలో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సిగ్గు కూడా వెయ్యలేదు.

దర్శనానికి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పక తప్పదు కదా. అక్క కట్ల మీద పాత పంచె గుడ్డ మరో నాలుగు చుట్లు చుట్టాను. అప్పటికి మిట్టమధ్యాహ్నం. నేను ముందు నడిచాను, నా వెనకే అక్క, నా భుజం మీద చెయ్యి వేసి. నేను చిట్లిన పాదం బండ మీద ఆనించి చూసి, "చల్లగానే ఉంది, రా" అంటే అక్క ఆ బండ మీదే అడుగు వేస్తోంది. తడి గోనెపట్టాలు పరిచినచోట ఇద్దరం సులువుగానే నడిచాం. మహాద్వారం ముందు ఒకచోట పట్టా జరిగి, ఎండకు కాలిన రాయి నా అరికాలికి సుర్రుమని తగిలింది.

"అబ్బా" అన్నాను.

అక్క అక్కడే ఆగిపోయింది.